పడవలోంచి జాగ్వార్‌ని వెతకడం: ముందు నీటిమట్టం, ఆ తర్వాతే కళ్ళు

సుందర్‌బన్స్‌లో మూడు రోజులు లాంచీలో తిరిగితే బురదలో అడుగులు తప్ప పులి కనిపించలేదు. ఇప్పుడు ఆగస్టులో జాగ్వార్‌ని (చిరుతలా మచ్చలుండే, అమెరికా ఖండాల పెద్ద పిల్లి) చూడటానికి బ్రెజిల్ వెళ్తున్నాం, పాంటనాల్ చిత్తడి నేలలోని పోర్టో జోఫ్రీ అనే చోట నాలుగు రోజులకి పడవ మాట్లాడుకున్నాం. అక్కడా ఇదే కథ అవుతుందా, అసలు పడవలోంచి ఎలా వెతకాలి? మీ ప్రశ్న ఇదే కదా. టూర్ వాళ్ళు "జాగ్వార్ గ్యారంటీ" అన్నారని కూడా రాశారు.

గ్యారంటీ అన్న మాట పక్కన పెట్టేయండి. అడవి జంతువుకి ఎవరూ పూచీ పడలేరు. అయినా మీరు అంత టెన్షన్ పడనక్కర్లేదు. నేను పోర్టో జోఫ్రీకి మూడుసార్లు వెళ్ళాను, అన్నీ కలిపి నది మీద 19 రోజులు గడిపాను. వాటిలో జాగ్వార్ కనిపించని రోజులు రెండే. సుందర్‌బన్స్‌కి ఏడుసార్లు వెళ్తే పులిని చూసింది రెండుసార్లు. రెండోసారి చూసింది కూడా పులి అనడం కంటే పులి వీపు అనడం న్యాయం.

ఈ తేడా మన అదృష్టం వల్లో గైడ్ గొప్పతనం వల్లో వచ్చింది కాదు. నీళ్ళ వల్ల వచ్చింది.

సుందర్‌బన్స్‌లో మడ అడవి నీళ్ళ అంచు దాకా ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు గట్టే ఉండదు, నీళ్ళు ఆకుల్లోకి వెళ్ళిపోతాయి. అప్పుడు పులి మీ పడవకి పది అడుగుల దూరంలో కూర్చున్నా మీకు కనిపించేది పచ్చటి గోడ. ఆటు వచ్చి నీళ్ళు దిగితే బురద వాలు బయటపడుతుంది, పులి ఎక్కడైనా పాయ దాటితే ఆ వాలు మీద కనిపించాలి. అంటే రోజులో మీకు దొరికేది కొన్ని గంటలు. ఆ గంటలు మీరు భోజనం చేస్తున్నప్పుడు వచ్చాయనుకోండి, ఆ రోజు పోయినట్టే.

పాంటనాల్‌లో ఇదే పని ఏడాదికోసారి జరుగుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఉష్ణమండల చిత్తడి నేల అది; నవంబరు నుంచి మార్చి దాకా వానలు పడి మైదానమంతా నీళ్ళ కిందకి పోతుంది. జంతువులు ఎక్కడ మెరక ఉంటే అక్కడికి చెదిరిపోతాయి. జూన్, జూలై నుంచి నీళ్ళు తగ్గుతూ వస్తాయి. మైదానంలోని మడుగులు ఎండుతుంటే చేపలు, కైమన్ మొసళ్ళు మిగిలిన నీళ్ళలో గుమిగూడతాయి. నది పక్కన ఇసుక తిన్నెలు, నిట్టనిలువు మట్టి గట్లు బయటపడతాయి, పచ్చగడ్డి అక్కడే ఉంటుంది కాబట్టి కాపిబారాలు (పంది సైజులో ఉండే ఎలుక జాతి జంతువులు) మందలుగా అక్కడికే చేరతాయి. వాటి వెనకే జాగ్వార్. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ నది గట్టు దానికి భోజనాల బల్ల లాంటిది. మీరు సరైన నెలలోనే వెళ్తున్నారు.

ఇంకో కారణం, జాగ్వార్ పగటిపూట వేటాడటం. కైమన్లు ఒంటికి ఎండ తగలడానికి పగలు ఒడ్డెక్కుతాయి, వాటికోసం జాగ్వార్ కూడా పగలే గట్టు వెంబడి నడుస్తుంది. పైగా అక్కడి జాగ్వార్లకి పడవ అంటే భయం లేదు. ఒకప్పుడు పశువుల ఎస్టేట్ల వాళ్ళు, చర్మాల వ్యాపారులు వాటిని తెగ చంపేవారు. 1967లో బ్రెజిల్ వన్యప్రాణుల వేటని చట్టంతో నిషేధించింది. 2004లో పోర్టో జోఫ్రీ పక్కనున్న నదుల చుట్టూ ఎన్‌కోంత్రో దాస్ ఆగ్వాస్ రాష్ట్ర పార్కు ఏర్పడింది. ఆ పేరుకి అర్థం నీళ్ళు కలిసే చోటు, మన భాషలో సంగమం. ఏళ్ళ తరబడి పడవలు వచ్చి ఊరికే నిలబడి వెళ్ళిపోతుంటే, ఈ వస్తువు వల్ల ప్రమాదం లేదని తల్లులు నేర్చుకున్నాయి, వాటిని చూసి పిల్లలూ నేర్చుకున్నాయి. డబ్బు కూడా వాటి వైపే ఉంది: అక్కడ జాగ్వార్ టూరిజం వల్ల ఏడాదికి సుమారు 68 లక్షల డాలర్ల రాబడి, జాగ్వార్లు పశువుల్ని చంపడం వల్ల జరిగే నష్టం సుమారు 1.2 లక్షల డాలర్లు అని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఇక ఎలా వెతకాలో చెప్తాను. కొత్తగా వచ్చినవాళ్ళంతా జాగ్వార్ కోసం వెతుకుతారు, అందుకే కనపడదు. మన మనసులో ఉన్న జాగ్వార్ ఫొటోలోది: నిండుగా, పక్కకి తిరిగి, ఎండలో. నిజంగా కనిపించేది దాని ముక్క. చెవి వెనక నల్లటి రంగు మధ్యలో ఉండే తెల్ల మచ్చ, గడ్డం కింద తెలుపు, వేళ్ళాడే తోక కొస, అంతే. గట్టు మీద వేళ్ళు, కొమ్మలు ఎక్కువగా నిలువుగానో ఏటవాలుగానో ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా ఒక గీత కనిపిస్తే ఆగి చూడండి, అది వీపు కావచ్చు. ఒంటిమీద పువ్వుల్లాంటి మచ్చలు ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కల్లాగే ఉంటాయి. కానీ గాలి వీస్తే ఎండ చుక్కలు కదులుతాయి, మచ్చలు కదలవు.

ఒక చిన్న కిటుకు. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కాబట్టి కళ్ళు ఆ దారిలో జారిపోతాయి, మధ్యలో చాలా వదిలేస్తాయి. గట్టుని కుడి నుంచి ఎడమకి చూడండి. వేగం తగ్గుతుంది, కళ్ళు తడబడతాయి, ఆ తడబాటే మనకి కావాలి. ముందు నీళ్ళ అంచు, తర్వాత గట్టు అంచు, ఆఖర్న పొదల కింద నీడ. తొమ్మిది దాటాక మాత్రం ఈ వరస తిరగేయండి. ఎండ ముదిరితే అది నీడలో పడుకుంటుంది, కాబట్టి బైనాక్యులర్‌తో వెలుగులో ఉన్న ఆకుల్ని దాటి వెనకున్న చీకట్లోకి చూడాలి. ఎండలో మెరిసే ఆకుల దగ్గరే చూపు ఆగిపోవడం అందరూ చేసే తప్పు. నేను మొదటి ట్రిప్పు మొత్తం అదే చేశాను.

నీళ్ళలో ఈదుతున్నదాన్ని గుర్తుపట్టడం దీనికంటే తేలిక. దుంగ ప్రవాహంతో పాటు పోతుంది. ప్రవాహానికి అడ్డంగా పోయే దుంగ దుంగ కాదు. కైమన్ అయితే కళ్ళు, ముక్కు కొస మాత్రమే పైకి ఉంటాయి. కాపిబారా తల పెట్టెలా ఉంటుంది. గుండ్రటి తల, రెండు పొట్టి చెవులు, వెనక కొంచెం వీపు తేలుతూ ఉంటే సరంగు (పడవ నడిపే మనిషి) భుజం తట్టండి, అరవకండి.

మీరు ఒక్కరే వెతకాల్సిన పని లేదు, మీకంటే బాగా వెతికేవాళ్ళు గట్టు మీదే ఉన్నారు. కాపిబారాల్ని చూడండి. పిల్లలతో కలిసి కాళ్ళు మడిచి నిద్రమత్తులో ఉంటే ఆ చుట్టుపక్కల ఏమీ లేదు, ముందుకి పోనిమ్మనండి. అవన్నీ నీళ్ళలోకి దిగి ఒకే వైపు మొహం పెట్టి నిలబడి ఉంటే అక్కడ ఇంజిన్ ఆపించండి. పొడి దగ్గులా ఒక మొరుగు వినిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అక్కడి పెద్ద నీటికుక్కలు ఇంకా గడుసువి, గుంపుగా మెడలు పైకెత్తి బుసకొడుతూ జాగ్వార్ ఉన్న వైపే చూస్తాయి. రాబందులు ఎత్తైన కొమ్మ మీద ఉంటే అది రోజూ ఉండేదే. కింది కొమ్మల మీద, మెడలు వంచి, నేలకేసి చూస్తూ నాలుగైదు కూర్చున్నాయంటే కింద కళేబరం ఉంది. అవి నేలకి దిగడం లేదంటే దాని యజమాని కూడా అక్కడే ఉన్నట్టు.

రెండో ట్రిప్పులో జరిగింది చెప్తాను, ఇదంతా ఎలా కలిసొస్తుందో తెలుస్తుంది. త్రేస్ ఇర్మావ్స్ అనే నది, పేరుకి అర్థం ముగ్గురన్నదమ్ములు. పొద్దున పదిన్నర. రేడియోలో ఎక్కడో జాగ్వార్ ఉందని పిలుపు వచ్చి మిగతా పడవలన్నీ వెళ్ళిపోయాయి. మా సరంగు మాత్రం ఒక వంపు దగ్గర ఇంజిన్ ఆపి, గుర్రపు డెక్క గుబురులోకి పడవ ముక్కు దూర్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎదురుగా రెండు మీటర్ల మట్టి గట్టు, దాని కింద చాపంత ఇసుక, ఇసుక మీద నోరు తెరుచుకుని ఒక కైమన్. నలభై నిమిషాలు ఏమీ లేదు. నాకు విసుగొచ్చి నీళ్ళ సీసా మూత తీస్తున్నాను. గట్టు పక్కనే చేపల కోసం కదలకుండా నిలబడిన కొంగ, మెడ నిటారుగా చేసి తల ఒక్కసారి పక్కకి తిప్పింది. ఎగరలేదు. సరంగు లేచి కూర్చున్నాడు. కొంగ చూసిన వైపు చూస్తే గట్టు మీద గడ్డి, దాని వెనక నీడ. ఆ నీడలో ఒక చోట గడ్డి కంటే చిక్కటి పసుపు. చూస్తూ ఉంటే అది వెడల్పయింది, తల అయింది. కైమన్‌కి నేరుగా పైకి వచ్చే వరకు ఒక్కో అడుగు వేసి ఆగుతోంది. ముందు కాళ్ళు గట్టు అంచు మీదకి వచ్చినప్పుడు చిటికెడు మట్టి రాలి ఇసుక మీద పడింది. కైమన్ కదిలేలోపే అది మీద పడింది. నీళ్ళు లేచాయి, రెండూ మునిగాయి, తోక ఒకటి గాల్లోకి లేచింది. పైకి వచ్చేసరికి దాని నోట్లో కైమన్ తల వెనక భాగం ఉంది. జాగ్వార్ మిగతా పెద్ద పిల్లుల్లా గొంతు పట్టుకుని కూర్చోదు, పుర్రె వెనక కొరికి పని ముగిస్తుంది. తన బరువుకి దగ్గర్లో ఉన్న ఆ మొసలిని నోట కరుచుకుని ఆ నిలువు గట్టు ఎక్కేసింది. నా చేతిలో కెమెరా లేదు, సీసా మూత ఉంది.

అందుకే రేడియో గురించి నా అభిప్రాయం చెప్తాను, అందరూ ఒప్పుకోరు. గైడ్లందరి దగ్గరా రేడియోలు ఉంటాయి, ఒకరికి కనిపిస్తే మిగతావాళ్ళకి చెప్తారు, పడవలన్నీ పరుగెత్తుతాయి. మొదటి రోజు మీరూ పరుగెత్తండి. ఒక్కసారి చూసేస్తే మనసు కుదుటపడుతుంది, ఇంట్లోవాళ్ళకి ఫొటో పంపేస్తారు. రెండో రోజు నుంచి గైడ్‌తో ముందే మాట్లాడుకోండి: పొద్దున పూట రేడియో పిలుపుకి వెళ్ళొద్దు, చిన్న పాయల్లో నెమ్మదిగా తిప్పండి, ఒక మంచి వంపు చూసి ఆపండి అని. కనిపించే సంఖ్య తగ్గుతుంది, చూసే విధానం మారుతుంది. ఇరవై పడవల మధ్య, ఇరవై ఇంజిన్ల పొగలో నిద్రపోతున్న జాగ్వార్‌ని చూడటం కూడా చూడటమే, కాదనను. కానీ నాలుగు రోజులూ అదే చేసి వచ్చినవాళ్ళకి ఫొటోలు తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ గుంపు వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. మొదటి ట్రిప్పులో ఒక ఆడ జాగ్వార్ నది దాటుతుంటే, మేమున్న పడవ నడిపే అతను మాకు దగ్గర ఫొటో దొరకాలని దాని ముందుకి పోనిచ్చాడు. అది సగం దూరం వచ్చాక వెనక్కి తిరిగింది, అవతలి గట్టున దాని పిల్ల ఉందని తర్వాత తెలిసింది. మాలో ఎవరం నోరు తెరవలేదు, ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాం. ఇప్పటికీ ఆ ఫొటోలు ఎవరికీ చూపించను. ఈదుతున్న జంతువు ముందు దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, పడవ వెనకో పక్కనో ఉండాలి. సరంగు దగ్గరికి వెళ్ళేది మనల్ని సంతోషపెట్టడానికే, "ఇక్కడ చాలు" అని మీరు ముందే చెప్తే అతనికీ హాయి. మాంసం వేసి పిలిపిస్తామని ఎవరైనా చెవిలో చెప్తే ఆ పడవ ఎక్కొద్దు. తిండికీ మనిషికీ ముడిపడిన జాగ్వార్ రేపు ఇంకెవరికో ప్రాణం మీదకి తెస్తుంది.

అన్నట్టు, గట్టు మీద కాలు పెట్టడం గురించి. పడవలో ఉన్నంతసేపు మీరు దానికి ఒక దుంగతో సమానం, దిగితే మనిషి. 2025 ఏప్రిల్‌లో దక్షిణ పాంటనాల్‌లో ఒక ఎస్టేట్ కాపలా మనిషి జాగ్వార్ దాడిలో చనిపోయాడు. ఇలాంటివి చాలా అరుదు, అయినా ఇసుక తిన్నె అందంగా ఉందని దిగి సెల్ఫీ తీసుకునే చోటు కాదది. రోజంతా పడవలో ఉంటే బాత్రూం సంగతేంటని ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, పొద్దునే గైడ్‌ని అడిగేయండి. ఎక్కడ ఎప్పుడు ఆపాలో వాళ్ళకి తెలుసు. నీళ్ళు తాగకుండా కూర్చుని తలనొప్పి తెచ్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

సామాన్ల విషయం పెద్దగా లేదు. బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది) తీసుకోండి. 10 రెట్లది పెద్దగా చూపిస్తుంది గానీ పడవ ఊపుకి బొమ్మ నిలవదు. ట్రైపాడ్ ఇంట్లో వదిలేయండి, ఇంజిన్ అదురంతా దాని కాళ్ళ మీదుగా కెమెరాలోకి ఎక్కుతుంది. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకి తగ్గనివ్వకండి, 100-400 లెన్స్ ఒకటి సరిపోతుంది. ఎండ 40 డిగ్రీల దాకా వెళ్తుంది. అయినా జాకెట్ పెట్టుకోవాలి: దక్షిణం నుంచి చలిగాలి దిగిందంటే రాత్రికి రాత్రే వాతావరణం మారిపోతుంది, పొద్దున ఆరింటికి వేగంగా పోయే పడవలో పళ్ళు టకటకలాడతాయి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడుగుతారు. సెప్టెంబరుకి జరుపుకుందామా అన్న ఆలోచన ఉంటే వద్దంటాను. జాగ్వార్లు బాగానే కనిపిస్తాయి గానీ అప్పటికి నేల బాగా ఎండి మంటల భయం పెరుగుతుంది. 2020లో పాంటనాల్ నాలుగో వంతుకి పైగా తగలబడింది, ఎన్‌కోంత్రో దాస్ ఆగ్వాస్ పార్కులోనూ ఎక్కువ భాగం కాలిపోయింది.

దారి కూడా చూడదగ్గదే. కుయాబా నగరం నుంచి పొకొనే ఊరి వరకు మామూలు రోడ్డు, అక్కడి నుంచి పోర్టో జోఫ్రీ దాకా సుమారు 145 కిలోమీటర్ల మట్టి రోడ్డు, దాని మీద వందకు పైగా వంతెనలు. పేరు ట్రాన్స్‌పాంటనేరా. పగలే వెళ్ళండి, తొందరపడకండి. ఆ వంతెనల కింద మిగిలిన మడుగుల్లో కైమన్లు, కొంగలు కిక్కిరిసి ఉంటాయి, కళ్ళకి మంచి సాధన. నల్ల జాగ్వార్ కనిపిస్తుందా అని కూడా అడిగారు. ఆ నల్ల రంగు అమెజాన్ లాంటి దట్టమైన అడవుల్లో ఉంది గానీ పాంటనాల్‌లో ఆశ పెట్టుకోకండి.

ఇక సుందర్‌బన్స్. మీరు చూసిన ఆ అడుగులు తాజావా పాతవా అని గైడ్ చెప్పలేదని రాశారు. దాన్ని మీరే చెప్పొచ్చు. పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు బురద వాలుని అలికేస్తాయి. అడుగు ఆ వాలు కింది భాగంలో, నీళ్ళు తడిపే గీత కిందనే ఉంటే అది గత పోటు దిగాక పడిందే, అంటే కొన్ని గంటల లోపుది. అంచులు పదునుగా ఉండి లోపల నీళ్ళు ఇంకా ఊరుతుంటే నిమిషాల్లోదే కావచ్చు. అప్పుడు పాయ అవతలి గట్టు చూడాలి. అడుగులు అటు పైకి ఎక్కితే పులి దాటేసింది. ఎక్కిన గుర్తు లేకపోతే అది మీ రాక చూసి ఆగి ఉంటుంది. అలాంటి చోట వదిలి వెళ్ళకుండా ఇంజిన్ ఆపి గంటసేపు కూర్చోవాలి.

మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఉంటే డిసెంబరు, జనవరిల్లో వెళ్ళండి. చలికాలం పొద్దున పులి కూడా నీరెండకి బురద గట్టు మీదకి వస్తుంది. కానీ తేదీ ఖాయం చేసేముందు ఆటుపోట్ల పట్టిక తీసి చూడండి. ఆటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, మొదటి రోజు ఆరున్నరకి పూర్తి ఆటు ఉండే తేదీ పట్టుకుంటే మూడో రోజుకి ఎనిమిది దాటుతుంది, మూడు పొద్దులూ గట్టు కనిపించేటప్పుడే మీరు నీళ్ళ మీద ఉంటారు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్ళు ఇంకా దూరం దిగుతాయి, చిన్న పాయల్లోకి లాంచీ పోదు గానీ బురద ఎక్కువ బయటపడుతుంది. లాంచీ వాళ్ళు టిఫిన్ ఎనిమిదింటికి పెడతామంటే పదికి పెట్టమనండి.